అక్క దాచిన కాగితం ముక్క

మొన్న కోరుట్ల వెళ్లినప్పుడు అక్క బీడీల చాట పక్కన పెట్టి, బీరువాలోంచి ఒక ఫైలు తెచ్చింది. నా పేరుతో అచ్చయినవన్నీ కత్తిరించి దాచుకునే అలవాటు ఆమెకు. అందులోంచి ఒక చిన్న ముక్క తీసి నా చేతిలో పెట్టింది. 'ల్యాబ్‌లో కిడ్నీ పెరిగింది!' శీర్షిక నాదే. 2015లో, డిప్లొమా చేసి ఉద్యోగంలో చేరిన కొత్తలో రాశాను.

"నువ్వే రాస్తివి గద తమ్మీ! మీ బావకు సుత చేపిద్దాం. పట్నంల ఒక క్లినిక్‌ల ఆ సూదులు ఇస్తరట. అరెకరం అమ్ముదామనుకుంటున్నం."

నాకు నోట మాట రాలేదు.

బావ సిరిసిల్లలో ఇరవై ఏళ్లు సాంచాలు నడిపాడు. రోజుకు పన్నెండు గంటలు నిలబడే పని. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో మాత్రలు అడిగి తెచ్చుకుని మింగేవాడు. బీపీ ఉన్న సంగతి ఎవరికీ తెలీదు. కాళ్లు వాచి, ఆయాసం వచ్చి జగిత్యాల తీసుకెళ్లేసరికి రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి. మాత్రలు ముందా, బీపీ ముందా అంటే డాక్టరు కూడా చెప్పలేకపోయారు. ఇప్పుడు వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్. ఆరోగ్యశ్రీ ఉండబట్టి గడుస్తోంది. సూదుల బాధ ఓర్చుకుంటాడు గానీ, ఎండాకాలంలో నీళ్లు కొలుచుకుని తాగడమే ఆయనకు పెద్ద శిక్ష.

నేను రాసింది అబద్ధమేమీ కాదు. ఆస్ట్రేలియాలో మెలిస్సా లిటిల్ బృందం మూలకణాల నుంచి కిడ్నీ కణజాలాన్ని పెంచిన మాట నిజం. కాకపోతే అది కడుపులోని పిండం కిడ్నీని పోలిన చిన్న ముద్ద. మూత్రం బయటికి పోయే దారి కూడా దానికి లేదు. ఆ వాక్యం నా వార్తలో లేదు. చోటు చాలక నేనే కొట్టేశాను.

ఆ రాత్రి అన్నాలయ్యాక ఇద్దరికీ చెప్పుకొచ్చాను. ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల నెఫ్రాన్లుంటాయి. పుట్టాక కొత్తవి రావు. ఉన్నట్టుండి దెబ్బ తగిలితే గొట్టాల్లోని కణాలు మళ్లీ పెరిగి కిడ్నీ కోలుకోవచ్చు. ఏళ్ల తరబడి పాడైతే మచ్చ కట్టేస్తుంది.

బావ నవ్వాడు. "పోగు తెగితే అతుకేస్తం బామ్మర్దీ, బట్టే కాలినంక ఏమతుకుతం?"

గుండె ఆపరేషన్ తర్వాత కిడ్నీలు దెబ్బతిన్న 156 మంది మీద ఉత్తర అమెరికాలో ఒక పరీక్ష జరిగింది. మూలకణాలు ఎక్కించినవాళ్లు మిగతావాళ్లకంటే త్వరగా కోలుకోలేదని 2018లో తేలింది. అదీ కొత్తగా తగిలిన దెబ్బకే. మన ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్త సంబంధ జబ్బులకు తప్ప మూలకణాల వాడకమంతా పరిశోధన కిందికే వస్తుంది. పరిశోధన అంటే రోగి దగ్గర డబ్బు గుంజడం కాదు కదా!

"అయితే పొలం అమ్మేది లేదు" అంది అక్క. కాసేపు ఆగి, "మరి నా కిడ్నీ పనికొస్తదా?" అనడిగింది.

1994 చట్టం ప్రకారం భార్య ఇవ్వొచ్చు. పరీక్షలన్నీ సరిపోవాలి. కుదరకపోతే, 2013లో మొదలైన జీవన్‌దాన్‌లో పేరు రాయించి ఎదురు చూడాలి. బావ మాత్రం "వద్దు" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. "నువ్వు సుత మంచం పడితే పోరగాండ్లను ఎవరు చూస్తరు?"

అక్క మాట్లాడలేదు. పొద్దున నేను బస్సెక్కే ముందు మాత్రం మెల్లగా చెప్పింది, బుధవారం రక్తపరీక్షకు తోడు రమ్మని.