డ్రైవర్ కార్డు ముచ్చట

మల్లాపూర్,
ఫిబ్రవరి 2026

దోస్తుకు,

పసుపు దిగుతున్నది, బండ్లు నిజామాబాద్ యార్డుకు తిరుగుతున్నయి. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్ల మూతపడ్డకాంచి మన కిరాయిలన్ని పసుపు, మక్కలు, వడ్ల మీదనే గదా. మొన్న ఫోన్ల సగంల ఆగిన ముచ్చటకే ఈ ఉత్తరం.

మన పెద్ద డ్రైవర్‌కు షుగర్. ఎడమకాలు బొటనవేలు పుండయింది, క్లచ్ తొక్కే కాలు. బండి కడిగిస్తుంటే డ్యాష్‌బోర్డు డబ్బాల, కాంటా చిట్టీల కింద గోలీల పట్టీ దొరికింది. పదిట్ల రెండే వాడిండు. మిగిలినవి ఎండకు రంగు మారినయి. సర్కారు దవాఖానల అవే గోలీలు ఉత్తగనే ఇస్తరు. గని అది తెరిచి ఉన్నప్పుడు ఈయన ఊళ్లె ఉండడు, ఈయన ఊళ్లె దిగేసరికి అది మూసి ఉంటది.

బండి ఇన్సూరెన్సుల డ్రైవర్ పేరు మీద యాబై రూపాయలు కడుతం గదా, అది దీనికి రాదా అని ఏజెంట్‌ను అడిగిన. రాదన్నడు. అది పని మీద దెబ్బ తగిలినా పానం పోయినా ఓనర్ నెత్తి మీద పడే పరిహారానికి. షుగర్, నడుము నొప్పి, కిడ్నీల రాళ్లు యాక్సిడెంట్ కిందికి రావట. నీళ్లు తాగితే మాటిమాటికి బండి ఆపాలని గొంతు ఎండబెట్టుకొని తోలేటోనికి రాళ్లు పని తోని గాక దేంతోని వస్తయి?

ఆరోగ్యశ్రీ ఉన్నది, 2023 డిసెంబర్ 9 నుంచి పది లక్షల దాక. బెడ్డెక్కితే అది ఆదుకుంటది. బెడ్డు దాక పోకుండ నెలనెల వాడే గోలీలకు, ఇంట్ల పండుకున్న నెల జీతానికి అది రాదు. ప్రైవేటు పాలసీ తీస్తే ముందుగాల ఉన్న రోగానికి మూడేండ్ల దాక ఆగుమంటరు. ఇంకో తమాష విను. పోయిన సెప్టెంబర్ 22 నుంచి ఎవరి పాలసీ వాళ్లు తీసుకుంటే జీఎస్టీ లేదు. ఓనరు తన పనోళ్లకు గ్రూపుగ తీస్తే మాత్రం 18 శాతం అట్లనే ఉన్నది.

ఇగ మిగిలింది ఈఎస్ఐ. పదిమంది పనోళ్లుంటేనే అది తప్పనిసరి. మన ముగ్గురు డ్రైవర్లు, ఇద్దరు క్లీనర్లు ఆ లెక్కకు ఆనరు. గని 2025 నవంబర్ 21న సోషల్ సెక్యూరిటీ కోడ్ అమలుల పెట్టిన్లు. పదిమంది లేకున్నా ఓనరు, పనోళ్లల్ల ఎక్కువమంది ఒప్పుకుంటే చేరచ్చు. జీతం పద్దెనిమిది వేలు రాస్తే నాది మూడుంపావు శాతం లెక్కన 585, డ్రైవర్‌ది 135. పాత రోగమని ఎల్లగొట్టరు. పెండ్లాం పిల్లలకు గూడ వర్తిస్తది. సరిపోను రోజుల చందా కట్టి ఉంటే, డాక్టర్ రాసిస్తే, ఏడాదికి 91 రోజుల దాక జీతంల 70 శాతం వస్తది.

ఈ మాట చెప్తే పెద్ద డ్రైవర్, "సేటు, గా పైసలు నా బత్తల కలుపు, కార్డు నేనేం జేసుకోను" అన్నడు. వాళ్లింటామె ఫోన్ గుంజుకొని, "మా అత్తను గూడ చూస్తరా?" అని అడిగింది.

కోరుట్ల అడ్డ మీద ఓనర్లది ఒక్కటే పాట. మనం కడుతం, పక్కోడు రెండువేలు ఎక్కువిస్తననంగనే డ్రైవర్ ఆ బండి ఎక్కుతడు. అబద్ధం కాదు. గని ఈఎస్ఐ నంబర్ డ్రైవర్‌తోని పోతది, ఆ పక్కోడు గూడ కడితే అదే నంబర్ మీద నడుస్తది. నేనొక్కన్ని కడితే డ్రైవర్ దిగిన నాడు చందా ఆగుతది. అందుకే ఇది ఒక్కని తోని అయ్యే పని కాదు, అడ్డ మొత్తం ఒక్క మాట మీద ఉండాలె. అసలు భయం ఇంకోటున్నది, ఎవరూ బయటికి అనరు. జీతం కొంత, బత్త కొంత, ట్రిప్పుకింత అని నోటిమాట మీద నడిపినం. ఈఎస్ఐ అంటే జీతం కాయితం మీదికెక్కాలె. బత్తను ఎంత జీతంగ చూపెట్టాలె, 21 వేలు దాటితే ఎట్ల, ఇవన్ని తేల్చుకోవాలె.

అక్కడ షార్జాల నీ సేటు మనసున్నోడయి నీకు ఇన్సూరెన్స్ కార్డు తీయలే. 2025 జనవరి 1 నుంచి ఇన్సూరెన్స్ లేకుంటే వీసా కొత్తగ కాదు, రెన్యువల్ కాదు గనుక తీసిండు. బేసిక్ ప్యాకేజీ ఏడాదికి 320 దిర్హాములే. ఇక్కడ మనల్ని అట్ల పట్టి అడిగేటోడు లేడు. నేనైతే కడుదామనే అనుకుంటున్న. పుణ్యం కోసం కాదు. ఘాట్ రోడ్ల మీద మన పెద్ద డ్రైవర్ అంత నిమ్మళంగ లోడు దించేటోడు నాకు దొరకడు, బండి ఆగినా ఫైనాన్స్ కిస్తు ఆగదు.

ఆదివారం అడ్డ మీద ఓనర్లందరం కూసుంటున్నం. అంతల ఒక పని చెయ్యి. నీ కార్డు చూపెడితే డాక్టర్ ఫీజుకు ఎంత, గోలీలకు ఎంత నీ జేబుల నుంచి పోతున్నయో, నెలనెల వాడే మందులు ఇస్తున్నరో లేదో వాట్సాప్‌ల రాసి పంపు. వాయిస్ పెట్టకు, అందరికి చదివి వినిపియ్యాలె.

నీ దోస్తు