మడత సైకిలు మీద లైడెన్ నగరానికి

నెదర్లాండ్స్ దేశపు పడమటి భాగంలో కొండలు లేవు. దేశ భూభాగంలో నాలుగోవంతు సముద్రమట్టానికి దిగువన ఉంది. గట్లు కట్టి, నీటిని తోడి, అక్కడి ప్రజలు నేలను సంపాదించుకున్నారు. ఎటు చూసినా అరచేయిలా చదునైన పచ్చిక, దాని నడుమ కాలువలు. బలహీనమైన కాలు ఉన్నవానికి ఈ చదునుతనం దైవానుగ్రహంగానే తోస్తుంది.

పసితనంలో వచ్చిన పోలియో నా ఎడమకాలిని సన్నబరచింది. ఇన్నేళ్లుగా దాని భారం కూడా మోసిన కుడి మోకాలు యాభై దాటాక అరగసాగింది. అర కిలోమీటరు నడిస్తే ఎక్కడో ఒకచోట కూర్చోవలసిందే. అటువంటి నేను గత వేసవిలో డెల్ఫ్ట్ పట్టణంలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి వద్దకు వెళ్లి, మూడు వారాలపాటు మడత సైకిలు మీద ఆ ప్రాంతమంతా తిరిగాను, అల్‌హమ్దులిల్లాహ్.

నడవలేనివాడు సైకిలెలా తొక్కుతాడని పాఠకులు అడగవచ్చు. నడకలో ప్రతి అడుగుకూ శరీరపు బరువంతా మోకాలి మీద పడుతుంది. సైకిలు మీద ఆ బరువును సీటు మోస్తుంది. కాలు చేయవలసింది పెడలును తిప్పడమే. చదునైన నేల మీద కుడికాలు తొక్కితే ఎడమకాలు దానితోపాటు తిరుగుతుంది. అది జారిపోకుండా మా అబ్బాయి పెడలుకు ఒక పట్టీ అమర్చాడు. కాలు సులభంగా బయటికి వచ్చేటట్లు దాన్ని వదులుగా ఉంచాడు. ఈ సైకిళ్లలో ఫ్రేము కిందికి ఉంటుంది గనుక ఎక్కేటప్పుడు కాలు ఎత్తుగా లేపనక్కరలేదు.

నేను వాడినది బ్రాంప్టన్ సైకిలు. దీనిని ఆండ్రూ రిచీ అనే ఇంజనీరు 1970లలో లండన్‌లోని తన ఇంటిలోనే రూపొందించాడు. కిటికీలోంచి కనిపించే బ్రాంప్టన్ ఆరేటరీ అనే చర్చి పేరే దానికి పెట్టాడు. చక్రాలు 16 అంగుళాలవి. వెనుక చక్రం అడుగుకు, ముందు చక్రం పక్కకు మడుచుకుని, హ్యాండిలు కిందికి వాలితే, మొత్తం సైకిలు ఒక పెట్టె అంత అవుతుంది. బరువు పన్నెండు కిలోల లోపే గాని, కాలు బలం లేనివానికి అదీ ఎక్కువే. అయితే అడుగున ఉన్న చిన్న చక్రాల మీద దానిని నెట్టుకుపోవచ్చు. విప్పి ఉన్నప్పుడు హ్యాండిలు పట్టుకుని నడిస్తే చేతికర్రలా ఆసరా ఇస్తుంది. నాకు ఈ ఉపయోగం తొక్కడం కంటే తక్కువైనది కాదు.

ఆ దేశపు రైళ్లలో మామూలు సైకిలుకు వేరే టికెట్టు కొనాలి. రద్దీ వేళల్లో సాధారణంగా అనుమతించరు. మడిచిన సైకిలు మాత్రం చేతిసంచితో సమానం. ఏ వేళనైనా టికెట్టు లేకుండా తీసుకుపోవచ్చు. అందువల్ల దూరాన్ని రైలుకు, స్టేషను నుంచి గమ్యం వరకు ఉన్న మిగతా భాగాన్ని సైకిలుకు అప్పగించాను. నాబోటివానిని ఆపేది ఆ మిగతా భాగమే. వందల కిలోమీటర్లు రైలు మోస్తుంది. చివరి కిలోమీటరును ఎవరు మోస్తారు?

డెల్ఫ్ట్ నుంచి లైడెన్‌కు రైలులో ఇంచుమించు ఇరవై నిమిషాలు. అక్కడికి పోవాలన్న కోరిక నాలో విద్యార్థి దశ నుంచీ ఉంది. హదీసు విద్యార్థులు ‘అల్ ముఅ్‌జముల్ ముఫహ్రస్’ అనే పదసూచికను ఎరుగుదురు. హదీసులోని ఒక్క పదం గుర్తుంటే చాలు, దాని ధాతువును బట్టి ఆ హదీసు ఏ గ్రంథంలో ఉందో అది చూపుతుంది. ఆరు సహీహ్ గ్రంథాలకు తోడు ముఅత్తా, ముస్నద్ అహ్మద్, దారిమీలకు కూడా అదే దారి. వెన్సింక్ అనే పండితుడు ప్రారంభించిన ఆ మహాకార్యపు మొదటి సంపుటం 1936లో లైడెన్‌లోనే అచ్చయింది. ఆయన 1939లో మరణించాడు. చివరి సంపుటం 1988లో గాని వెలువడలేదు. ముస్లిమేతరులు పూనుకున్న పని మన పాఠశాలల అలమారల్లో నిలిచింది. మంచి పనిని మంచి పని అని ఒప్పుకోవడం న్యాయం.

లైడెన్ విశ్వవిద్యాలయం 1575లో స్థాపితమైంది. అరబీ ఆచార్య పీఠం 1613 నుంచి ఉంది. ఇస్తాంబూల్‌లో నివసించిన లెవీనస్ వార్నర్ అనే రాయబారి 1665లో మరణిస్తూ తాను సేకరించిన వెయ్యి వరకు ప్రాచ్య వ్రాతప్రతులను ఈ గ్రంథాలయానికి విడిచాడు. అందులస్ పండితుడు ఇబ్నె హజ్మ్ (రహ్మ) రచన ‘తౌఖుల్ హమామా’కు లోకంలో మిగిలిన ఏకైక వ్రాతప్రతి ఇక్కడే ఉంది. గ్రంథాలయం ముందు సైకిలు మడుస్తుంటే నాకు మన మచిలీపట్నం స్ఫురించింది. 17వ శతాబ్ది ఆరంభంలో గోల్కొండ సుల్తానుల అనుమతితో ఈ దేశపు వర్తకులు అక్కడ స్థావరం ఏర్పరచుకున్నారు. వారిని మనవారు వలందులన్నారు. ఆ ఊరి వలందపాలెం పేరులో ఆ జ్ఞాపకం ఇంకా ఉంది.

అన్నీ సుఖాలే అనుకోవద్దు. కొండలు లేని ఆ దేశంలో ఎదురుగాలే కొండ. సముద్రం వైపు నుంచి వీచినప్పుడు నా ఒంటికాలి తొక్కుడు చాలేది కాదు; దిగి, సైకిలుకు ఆనుకుని నడిచేవాణ్ణి. రాపెన్‌బర్గ్ కాలువ పక్కన పరచిన రాళ్లు చిన్న చక్రాలను కుదిపేస్తాయి. కాలువల మీది వంపు వంతెనల వద్ద కూడా దిగవలసిందే. ఎర్రని సైకిలు బాటల మీద మూడుచక్రాల సైకిళ్లపై వృద్ధులు, బ్యాటరీ బండ్లపై వికలాంగులు నన్ను దాటిపోయేవారు. ఎవరూ ఎవరినీ వింతగా చూడలేదు.

1960లలో జరిగిన ఒప్పందాల ద్వారా కూలిపనులకు వచ్చిన తుర్కీ, మొరాకో ముస్లిముల సంతానమే ఇప్పుడక్కడి మస్జిద్‌లను నింపుతోంది. జొహర్ వేళకు తెల్లగడ్డాల మొరాకో పెద్దలు సైకిళ్లు దిగి వచ్చేవారు. నా సైకిలును మడిచి చెప్పుల అలమార పక్కన ఉంచి, కుర్చీ మీద నమాజ్ చేసేవాణ్ణి. జూన్ నెలలో సూర్యుడు రాత్రి పది వరకు అస్తమించడు. ఇషా కోసం మెలకువగా ఉండడమే అక్కడ పరీక్ష.

ఈ ప్రయాణం విషయం తెలిసినప్పుడు మా బంధువుల్లో చాలామంది వద్దన్నారు. “ఈ కాలుతో నీకెందుకు?” అన్నారు. అది ప్రేమతో అన్నమాటే. అమ్ర్ బిన్ జమూహ్ (రజి) కుమారులు కూడా తండ్రిని ప్రేమతోనే ఆపారు. ఆయన కుంటివారు, ఉహుద్‌కు రావలసిన బాధ్యత ఆయనపై లేదు. ఆయన దైవప్రవక్త (స) వారి వద్దకు వెళ్లి తన కోరిక విన్నవించారు. ప్రవక్త (స) ఆయనకు మినహాయింపు ఉన్నదని తెలిపి, కోరిక బలంగా ఉండటం చూసి, ఆయనను ఆపవద్దని కుమారులకు చెప్పారు. ఆయన ఉహుద్‌లో అమరులయ్యారు. ధర్మం బలహీనునికి ఇచ్చిన రాయితీ అతని హక్కు. దానిని వాడుకోవడమా మానడమా అన్నది అతడే నిర్ణయించుకోవాలి. ఇంటివారు దానితో అతని గది తలుపు మూయకూడదు.

దైవప్రవక్త (స) ఖుబా మస్జిద్‌కు కొన్నిసార్లు నడిచి, కొన్నిసార్లు స్వారీపై వెళ్లేవారని హదీసుల్లో ఉంది. అనారోగ్యంతో ఉన్న ఉమ్మె సలమా (రజి)ను స్వారీపైనే తవాఫ్ చేయమన్నారు. వాహనం ఏదైనా చేరడం ముఖ్యం.

మన ఇళ్లలో పెళ్లిళ్లకూ ప్రయాణాలకూ అందరూ బయలుదేరుతుంటే, “నీవు ఇంట్లోనే ఉండమ్మా, నీకు శ్రమ” అనిపించుకునే ఆడపిల్లలున్నారు, వృద్ధులున్నారు. వారికి ఏ సాధనం సరిపోతుందో వైద్యుని అడగండి. సమతూకం నిలవనివారికి మూడుచక్రాల సైకిలు, చేతుల్లో బలం ఉన్నవారికి చేతితో నడిపే బండి ఉన్నాయి. ఫజర్ తరువాత రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు పక్కన ఒకరు తోడుండి మొదలుపెట్టించండి. దానికంటే ముందు, ఎక్కడికి వెళ్లాలని ఉందో వారినే అడగండి. ఆ ప్రశ్న కోసం కొందరు ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ ఉంటారు.