ఉప్పుగాలిలో పుస్తకాలు

పిల్లలూ! ఉప్పుగాలికీ పుస్తకానికీ పడదు. ఈ సంగతి మా ఉద్దానంలో పుస్తకాలు దాచుకునేవారికి బాగా తెలుసు. శ్రీకాకుళం జిల్లాలో, పలాసకు తూర్పున, సముద్రపు ఒడ్డు వెంట ఇసుకనేలల్లో కొబ్బరి, జీడి, పనస తోటలు దట్టంగా పెరిగే ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్యానం అనే మాటే ఇలా మారిందని మా పెద్దలు చెప్పేవారు. మా ఇల్లు అక్కడే. ఆ ఇంట్లో ఒక గదినిండా, సుమారు పన్నెండు వందల పుస్తకాలు ఉన్నాయి.

కాగితం మొక్కల పీచుతో తయారవుతుంది. ఆ పీచు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రపు గాలిలో కంటికి కనిపించని ఉప్పురేణువులు ఉంటాయి. ఉప్పు కూడా తేమను లాగుతుంది. గాలిలో తేమ నూటికి 75 పాళ్ళు దాటిందంటే ఉప్పు నీరుకారడం మొదలుపెడుతుంది. వానకాలంలో మీ వంటింటి ఉప్పుజాడీలో ఉప్పు చెమర్చడం చూశారు గదా! అదే ఇది. తేమ చేరిన కాగితం మీద బూజు పడుతుంది. ఆ పైన చెదలు వస్తాయి. కాగితంలో ఉండే సెల్యులోజు అనే పదార్థాన్ని మనం తిని అరిగించుకోలేం. చెదపురుగుల కడుపులో మటుకు దాన్ని అరిగించే సూక్ష్మజీవులు కాపురముంటాయి. కనక వాటికి మంచి కథా, చెడ్డ కథా ఒకే రుచి.

మా నాన్నగారు దీనికి ఒక ఉపాయం చేశారు. పలాస, కాశీబుగ్గలలో జీడిపిక్కలను పగలగొట్టి పప్పు తీసే కార్ఖానాలు చాలా ఉన్నాయని వినే ఉంటారు. ఆ పిక్క పెంకులో నల్లని నూనె ఉంటుంది. అది ఒంటికి తగిలితే చర్మం కాలి పొక్కుతుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ళు అందుకే చేతులకు బూడిద రాసుకుంటారు. ఆ నూనె పూసిన కర్రను చెదలు త్వరగా ముట్టవు. నాన్నగారు బీరువా కాళ్ళకూ, వెనకపలకకూ దాన్ని వడ్రంగి చేత పూయించి, బాగా ఆరనిచ్చి, గోడకు జానెడు దూరంలో బీరువాను నిలబెట్టించారు. అరల్లో ఎండిన వేపాకు, వసకొమ్ము వేశారు. ఆ బీరువా నేటికీ ఉన్నది. (మీరు మటుకు జీడినూనె జోలికి పోకండి. అది పెద్దల పని.)

అందులో మొదటి అర అంతా చందమామలు. చందమామ 1947 జూలైలో మద్రాసులో పుట్టింది. ఇప్పుడు రావడం లేదు. మా ఇంటికి నా చిన్నతనంలో నెలనెలా వచ్చేది. ఏడాది తిరిగాక పన్నెండు సంచికలూ కలిపి టెక్కలిలో అట్ట కట్టించేవారు. విడిగా ఉన్న పత్రిక చేతులు మారి చిరిగిపోతుంది. అట్ట కట్టిన సంపుటానికి ఇంట్లో ఒక చోటు, ఒక మర్యాద ఏర్పడతాయి.

సాయంత్రం వేళ మా ఇంటి ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని జీడిపప్పు పొట్టు తీసేవారు. నేను వాళ్ళకు గట్టిగా కథలు చదివి వినిపించేవాణ్ణి. మా నాయనమ్మకు అక్షరం రాదు. కాని నిన్న కథ ఎక్కడ ఆగిందో నాకంటే ఆవిడకే బాగా గుర్తుండేది. పుస్తకం తెరవకముందే, "ఏటి బాబూ, ఆ గుర్రం ఏటైంది?" అని అడిగేది. గట్టిగా చదవడంలో ఒక గుణం ఉన్నది. కంటితో చదివేటప్పుడు పెద్ద పెద్ద వాక్యాలు కూడా నునుపుగా జారిపోతాయి. నోటితో చదివితే ఎక్కడ వాక్యం కుంటిదో అక్కడ నాలుక తడబడుతుంది. ఏ పుస్తకం బాగా రాసినదో, ఏది కాదో నాకు ఆ అరుగు మీదనే తెలిసింది. తరవాత ఉపాధ్యాయ శిక్షణలో చెప్పిన పాఠాలు చాలా మరిచిపోయాను గాని, ఇది మరిచిపోలేదు.

రెండో అరలో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలున్నాయి. ఆశ్చర్యంగా ఉన్నదా? సోవియట్ దేశంలో తెలుగువాళ్ళు కొందరు కూర్చుని రష్యన్ కథలూ, సైన్సు పుస్తకాలూ మన భాషలోకి తిప్పేవారు. వారిలో ఉప్పల లక్ష్మణరావు గారు ఒకరు. ఆయన మా పలాసకు ఉత్తరాన రైలుదారిలో ఉన్న బరంపురంవారు, వృక్షశాస్త్రం చదువుకున్నవారు. అవి గట్టి అట్టలతో, రంగుల బొమ్మలతో ఎంతో చవకగా దొరికేవి. 1991లో ఆ దేశం విడిపోయిన తరవాత రావడం మానేశాయి. మంచును ఎన్నడూ చూడని ఉద్దానం పిల్లలు ఆ పుస్తకాలు చదివి, మంచుబండి ఎలా నడుస్తుందో ఇసుకలో కొబ్బరిమట్ట మీద కూర్చుని లాగించుకుని చూసేవారు!

ఇక 2018 సంగతి చెప్పాలి. ఆ ఏడు అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక. పేరు చూస్తే అంత సుకుమారం. గాలి మటుకు గంటకు 140 కిలోమీటర్లకు పైగా వీచింది. మా పుస్తకాల గది మీద పెంకులు లేచిపోయాయి. తెల్లవారి చూస్తే మూడు వందల పుస్తకాల దాకా నీళ్ళలో నానుతున్నాయి.

బయట చూస్తే పుస్తకాల మాట ఎత్తడానికి నోరు రాలేదు. కొబ్బరిచెట్టు కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. అటువంటి చెట్లు వరసలు వరసలుగా నేలకొరిగి ఉన్నాయి. కనక పగలంతా ఊరివాళ్ళతో కలిసి దారికి అడ్డం పడిన చెట్లు తీయడం, రాత్రి దీపం పెట్టుకుని పుస్తకాలు చూసుకోవడం. అన్నిటినీ ఒకేసారి ఆరబెట్టడానికి చోటు లేదు. ఏవి ముందు? నునుపైన కాగితం మీద బొమ్మలున్నవి ముందు తీశాను. ఆ కాగితానికి సున్నపుమట్టి వంటి పూత ఉంటుంది. తడిసి ఆరితే పుటలన్నీ ఒకదానికొకటి అంటుకుని ఇటుకలా అయిపోతాయి. తరవాత, మళ్ళీ కొనడానికి దొరకనివి తీశాను. బజారులో దొరికే వాటిని చివరికి వదిలేశాను. వాటిలో నాకు ప్రాణంతో సమానమైనవి కూడా ఉన్నాయి.

ఎండలో పెట్టకూడదు, అట్టలు వంకర్లు తిరుగుతాయి. నీడలో, గాలి తగిలేచోట, పుస్తకాన్ని నిలబెట్టి పుటలు విప్పి ఉంచాలి. మధ్య మధ్య పాత వార్తాపత్రికల కాగితం పెట్టి, తడి పీల్చగానే మార్చాలి. కరెంటు లేదు, ఫంకా లేదు. పక్కింటి కుర్రవాడు తాటాకు విసనకర్ర పట్టుకుని వచ్చి, ఎవరూ అడగకుండానే విసరడం మొదలుపెట్టాడు. నలభై పుస్తకాలు దక్కలేదు. తక్కినవి దక్కాయి.

1966 నవంబరులో ఇటలీలోని ఫ్లారెన్సు నగరాన్ని ఆర్నో నది ముంచెత్తినప్పుడు పెద్ద గ్రంథాలయాలు బురదలో మునిగాయి. ఎక్కడెక్కడి నుంచో యువకులు వచ్చి, వరసగా నిలబడి పుస్తకాలను చేతులు మారుస్తూ పైకి చేరవేశారు. వాటిలో కొన్నిటిని పొగాకు ఆరబెట్టే కొట్లలో ఆరబెట్టారట! మన గుంటూరు వైపు పొగాకు బేరన్లు చూసినవారికి ఇది వింతగా తోచదు.

ఒక ఇంటి పుస్తకాలు ఎంత దూరం పోగలవో చూడాలంటే శ్రీకాకుళం వెళ్ళండి. అక్కడ కథానిలయం ఉన్నది. కాళీపట్నం రామారావు గారు బడిపంతులు, గొప్ప కథకులు. 1995లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తన పుస్తకాలూ, పురస్కారాల సొమ్మూ పెట్టి, తెలుగు కథలన్నీ ఒకచోట చేరాలని 1997 ఫిబ్రవరి 22న దాన్ని తెరిచారు. రచయితలూ, పాఠకులూ తమ ఇళ్ళలోని పాత పత్రికలు తెచ్చి ఇచ్చారు. ఆయన 2021లో పోయారు, కథానిలయం ఉన్నది. పాత పత్రికలు తూకానికి అమ్మబోయేవారికి నేను ఆ ఊరి దారి చెబుతూ ఉంటాను.

నా పుస్తకాలు మటుకు ప్రస్తుతం వీధి పిల్లలవి. ఒక నోటుపుస్తకంలో పేరు, పుస్తకం, తీసుకున్న తేదీ ఎవరికి వారే రాసుకుంటారు. జరిమానా లేదు. తెచ్చిచ్చేటప్పుడు కథలో ఏం జరిగిందో అరుగు మీద కూర్చుని నాకు చెప్పాలి, అంతే. ఈ వేళకు పదకొండు పుస్తకాలు బయట ఉన్నాయి. వాటిలో ఒకటి మంచుబండి బొమ్మ ఉన్న పుస్తకం. దానికోసం ఒక చిన్నమ్మాయి మూడు రోజులుగా వచ్చి వెళుతున్నది. అది ఎవరి దగ్గర ఉన్నదో నోటుపుస్తకంలో చూపించి, పనసతోట అవతలి ఇంటికి వెళ్ళి అడగమన్నాను.