నీళ్ళు ఎప్పుడు తీసేత్తారు?

అర్కాన్సా అని అమెరికాలో ఒక రాష్ట్రం ఉంది. రాసేటప్పుడు చివర 'ఎస్' ఉంటుంది, పలికేటప్పుడు ఉండదు. మా పెద్దమ్మ కూతురు, బావ ఆ రాష్ట్రంలోనే బెంటన్‌విల్‌లో ఉంటారు. వాల్‌మార్ట్ హెడ్ ఆఫీస్ ఉన్న ఊరు కదా, మన తెలుగువాళ్ళు బాగానే కనిపిస్తారట. బావది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వీకెండ్ వస్తే క్రికెట్, బిర్యానీ, నిద్ర. అలాంటి మనిషి మొన్న డిసెంబర్‌లో నాలుగు గంటలు కారులో వెళ్ళి, బాతుల వేట చూసి వచ్చాడు. అదీ గట్టు మీద కూర్చుని కాదు. నీళ్ళలో మునిగిన అడవిలో, తొడల లోతున నిలబడి.

మన క్లబ్ పత్రికలో వేట గురించి ఏంటి అనుకోకండి. నాకూ మొదట నచ్చలేదు. కానీ బావ చెప్పిందంతా విన్నాక, ఆ తర్వాత మా తాతయ్య అడిగిన ఒక్క ప్రశ్న విన్నాక, రాయాలనిపించింది.

ముందు ఆ చోటు గురించి. అర్కాన్సా తూర్పు భాగం మన డెల్టా లాగా పల్లపు నేల. అమెరికాలో పండే వరిలో దాదాపు సగం ఈ ఒక్క రాష్ట్రానిదే. అక్కడ స్టట్‌గార్ట్ అనే చిన్న ఊరు తనని తాను 'వరికీ బాతులకీ ప్రపంచ రాజధాని' అని చెప్పుకుంటుంది. బాతుని పిలిచినట్టు ఈల ఊదే ప్రపంచ పోటీలు 1936లో ఆ ఊళ్ళోనే మొదలయ్యాయి. చలికాలం రాగానే ఉత్తరం నుంచి మల్లార్డ్ బాతులు గుంపులుగా దిగుతాయి. మగదానికి తల నిగనిగలాడే ఆకుపచ్చ. కోసేసిన వరి చేలల్లో రాలిన గింజలు తింటాయి, విశ్రాంతికి ముంపు అడవిలోకి వస్తాయి. ఆ అడవిలో ఉండేవి ఓక్ చెట్లు. వాటి కాయలు నీళ్ళలో రాలితే బాతులకి అదే పండగ భోజనం.

బావని తీసుకెళ్ళింది వాళ్ళ టీమ్‌లోని ఒక పెద్దాయన. వెళ్ళింది స్టట్‌గార్ట్‌కి దగ్గర్లో ఉన్న బయో మెటో అనే ప్రభుత్వ అడవికి. "మొదటిసారి తుపాకీ వద్దు, ఊరికే నిలబడి చూడు" అన్నాడట ఆయన. బావకీ అదే కావాలి. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు అక్కడ మామూలుగా తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు. వేట లైసెన్స్ ఉన్నవాళ్ళకే మినహాయింపు. పైగా 1968 తర్వాత పుట్టినవాళ్ళు అర్కాన్సాలో వేటాడాలంటే ముందు ఒక సేఫ్టీ కోర్సు పాసవ్వాలి.

వెళ్ళిన తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, ఆయన బావకి నేర్పిన పాఠాలు ఇవి. వేసుకోవాల్సింది వేడర్స్, అంటే బూట్లూ ప్యాంటూ కలిసిపోయి ఛాతీ దాకా వచ్చే వాటర్‌ప్రూఫ్ డ్రస్. దాని మీద నడుముకి బెల్టు బిగించాలి. లేకపోతే పడినప్పుడు లోపలికి నీళ్ళు దూరి లేవడం కష్టం. నీళ్ళలో అడుగు ఎత్తి వేయకూడదు, పాదం నేలకి రాస్తూ జరపాలి. కింద మోడులుంటాయి, వేర్లుంటాయి, కనపడని గుంటలుంటాయి. చేతిలో ఒక కర్ర ఉంటే మంచిది. ముందున్నవాళ్ళు అడుగు వేసిన చోటే అడుగు వేయాలి.

చోటు చేరాక ఒక చెట్టు ఎంచుకుని దాని మొదలుకి వీపు ఆనించి, నీడ పడే వైపు నిలబడాలి. బాతులు పైన తిరుగుతున్నప్పుడు తల ఎత్తి చూడకూడదు. పైనుంచి చూస్తే మనిషి మొహం తెల్లగా మెరుస్తుందట. "అసలు చూడ్డానికే కదా వచ్చింది, చూడొద్దంటే ఎలా?" అని బావ బాధ. మరి నీళ్ళు ఎలా చూడాలి? అద్దంలా ఉన్న నీళ్ళలో ఆకాశం కనిపిస్తుంది, అందులో చూసుకో అన్నాడట ఆయన. నాకు ఈ మాట చాలా నచ్చింది.

ఇంకొకటి. చుట్టూ చెట్లుండటం వల్ల అడవిలోకి గాలి రాదు, నీళ్ళు కదలవు. కదలని నీళ్ళలో తేలే ప్లాస్టిక్ బాతుల్ని నిజం బాతులు నమ్మవు. అందుకని వేటగాళ్ళు నిలబడ్డ చోటే కాలితో నీళ్ళు తంతూ ఉంటారు. అలలు లేస్తే బొమ్మ బాతులు ఊగుతాయి, పైనున్నవి కింద మనవాళ్ళున్నారు అనుకుంటాయి. అన్ని వేల రూపాయల సామాను పెట్టుకుని, చివరికి పని జరిగేది కాలితో నీళ్ళు తన్నడం వల్ల!

సూర్యోదయానికి అరగంట ముందు నుంచి మాత్రమే కాల్చవచ్చు. ఎవరి తుపాకీ ఏ దిక్కుకి తిరగాలో ముందే మాట్లాడుకున్నారు. చెట్ల కొనలకి పైన ఉన్న బాతుని కాల్చడం వాళ్ళలో మర్యాద కాదు. అది దెబ్బ తిని ఎక్కడో పడుతుంది, దొరకదు. కొమ్మల సందులోంచి కిందకి దిగే దాకా ఆగాలి.

"తడి దుప్పటి ఎవరో నెత్తి మీద దులిపినట్టు వచ్చిందిరా ఆ రెక్కల చప్పుడు" అన్నాడు బావ. ఇరవై, ముప్పై బాతులు కొమ్మల మధ్య ఒరుసుకుంటూ, గిరగిరా తిరుగుతూ దిగాయట. తర్వాత తుపాకులు. తర్వాత నిశ్శబ్దం. లాబ్రడార్ కుక్క ఈదుకుంటూ వెళ్ళి ఒకదాన్ని నోట కరుచుకుని తెచ్చింది. ఆయన దాన్ని బావ చేతిలో పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉందట. దాని గురించి బావ అంతకంటే చెప్పలేదు, నేను అడగలేదు.

సంక్రాంతికి అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఉన్నప్పుడు బావ ఈ కథంతా వీడియో కాల్‌లో మళ్ళీ చెప్పాడు, ఈసారి తాతయ్యకి. ఊరు కొల్లేరు పక్కన. తాతయ్య వయసులో ఉన్నప్పుడు బాతుల మంద మేపాడు. కోతలయ్యాక చేల వెంట ఊరూరూ తిప్పడం, రాత్రి వల కట్టిన దొడ్లో తోలడం, తెల్లారాక గుడ్లు ఏరుకోవడం. మన పెంపుడు బాతులు చాలావరకు ఆ మల్లార్డ్ సంతతే అని నేను చెబితే, "అయితే మనోళ్ళేనన్నమాట" అన్నాడు. ప్లాస్టిక్ బాతుల గురించి వినగానే "దీమం అంటారు దాన్ని" అన్నాడు. వేటలో ఎరగా పెట్టే పిట్టకి తెలుగులో ఒక మాట ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఇప్పుడు మన దగ్గర 1972 చట్టం ప్రకారం అడవి బాతుని కొడితే నేరం కాబట్టి ఆ మాట కూడా మూలన పడిపోయింది.

అంతా విని తాతయ్య అడిగాడు: "అది సరేనయ్యా అబ్బాయ్, మరి ఆ అడివిలో నీళ్ళు ఎప్పుడు తీసేత్తారు?"

బావ దగ్గర జవాబు లేదు. "కనుక్కుని చెప్తాను తాతయ్యగారూ" అన్నాడు. తర్వాతి వారం ఆఫీసులో అడిగితే ఆ పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడలేదట. తర్వాత, "ఇప్పుడు మా రాష్ట్రంలో అసలు గొడవ అదే" అన్నాడట.

విషయం ఇదీ. ఆ అడవుల్లో చాలా చోట్ల నీళ్ళు వానకి మాత్రమే నిండవు. గట్లు వేసి, తూములు మూసి నింపుతారు. 1930లలో స్టట్‌గార్ట్ చుట్టుపక్కల వరి రైతులు మొదలుపెట్టిన పద్ధతి. చెట్టు ఆకు రాల్చి నిద్రలో ఉన్నంతకాలం వేర్లు నీళ్ళలో ఉన్నా తట్టుకుంటుంది. చిగురు వేసే కాలానికి నీళ్ళు పోవాలి, లేకపోతే వేర్లకి ఊపిరి ఆడదు. బాతులు త్వరగా రావాలని ముందే తూములు మూస్తే, వసంతంలో నీళ్ళు బయటికి పోవడం ఆలస్యమైతే, ఏటికేడాది చెట్టు నీరసిస్తుంది. ఆ నీరసం పైకి కనపడటానికి ఏళ్ళు పడుతుంది. బాతులకి కాయలిచ్చే ఓక్‌లే ముందు ఎండిపోయాయి. హరికేన్ లేక్ అనే ఇంకో ప్రభుత్వ అడవిలో పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. దాంతో వన్యప్రాణి శాఖ తూములు ఆలస్యంగా మూయడం మొదలుపెట్టింది. సీజన్ మొదటి రోజుకి నీళ్ళు లేవని కొందరు వేటగాళ్ళకి కోపం. అంటే ఆ అడవికి హాని చేసింది బాతులంటే గిట్టనివాళ్ళు కాదు. బాతుల కోసం పడి చచ్చేవాళ్ళే.

తాతయ్య ఓక్ చెట్టుని ఎప్పుడూ చూడలేదు. కానీ కొల్లేరు చూశాడు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య నీరంతా అందులోకి చేరి, ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోవాలి. దారిలో చేపల చెరువుల గట్లు లేచాయి. 1999లో దాన్ని అభయారణ్యం చేశారు, 2006లో గట్లు పేల్చారు, తర్వాత చాలా చోట్ల మళ్ళీ లేచాయి. ఆ గట్ల మీద బతికిన కుటుంబాల్లో మాదీ ఒకటి. నా స్కూల్ ఫీజు చేపల డబ్బే. కాబట్టి ఎవరినీ తిట్టే హక్కు నాకు లేదు. ఆటపాకలో గూడబాతులు చెట్ల మీదే కాకుండా ఇనుప స్టాండ్ల మీద కూడా గూళ్ళు కట్టుకుని ఉంటే, పడవలో తిరుగుతూ ఫొటోలు తీసుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

అందుకే బావ చెప్పిన రూల్స్ మళ్ళీ ఒకసారి చూసుకున్నాను. తుపాకీలో 3 తూటాలకి మించి పట్టకూడదు. రోజుకి మనిషికి 6 బాతులు, అందులో మల్లార్డ్‌లు 4కి మించకూడదు, ఆ నాలుగులో ఆడవి 2కి మించకూడదు. సీసం గుళ్ళు 1991 నుంచి దేశమంతా నిషేధం. బయో మెటోలో మధ్యాహ్నం 12 కొట్టగానే తుపాకులు దించాలి, పైన ఎన్ని బాతులు తిరుగుతున్నా సరే. 16 ఏళ్ళు దాటిన ప్రతి వేటగాడూ 25 డాలర్ల డక్ స్టాంప్ కొనాలి. 1934లో మొదలైన ఆ స్టాంపు డబ్బులో డాలర్‌కి 98 సెంట్లు చిత్తడి నేలలు కొని కాపాడటానికే పోతాయి. మొదటిసారి వెళ్ళేవాడికి నేర్పేదాంట్లో కాల్చడం ఒక పాలైతే, ఆపడం మూడు పాళ్ళు. మన భాషలో చెప్పాలంటే లూప్ రాయడం కంటే బ్రేక్ ఎక్కడ పెట్టాలో తెలియడం ముఖ్యం.

చంపడం గురించి నా అభిప్రాయం ఇంకా తేలలేదు. ఆదివారం మెస్‌లో చికెన్ తింటాను. ఆ కోడిని ఎప్పుడూ చేతిలో పట్టుకోలేదు, అది వెచ్చగా ఉంటుందని ఆలోచించలేదు. బావ పట్టుకున్నాడు. ఆ రాత్రి ఆ పెద్దాయన ఇంట్లో వండిన బాతు కూర కూడా తిన్నాడు. అక్క తినలేదు. ఇద్దరిదీ నాకు అర్థమైంది.

వచ్చే చలికాలం మళ్ళీ వెళ్తావా అని బావని అడిగాను. కోర్సులో పేరు రాయించుకున్నాడట, తుపాకీ కొనాలో వద్దో మాత్రం ఇంకా అనుకోలేదు. "ముందు మార్చిలో ఒకసారి వెళ్ళొస్తాను" అన్నాడు. మార్చిలో బాతులు ఉండవు కదా, ఎందుకు అన్నాను.

"తూములు తీశారో లేదో చూడ్డానికి" అన్నాడు. "తాతయ్యగారికి చెప్పాలి కదా."