పందిట్లో పక్కవాళ్ల పాట

తంజావూరులో బస్సెక్కి 13 కిలోమీటర్లు వెళితే తిరువైయారు. త్యాగరాజస్వామి ఎక్కువ కాలం గడిపిందీ, 1847లో కన్నుమూసిందీ ఈ ఊళ్లోనే. ఏటా పుష్య బహుళ పంచమినాడు కావేరి ఒడ్డున ఆయన సమాధి ముందు వందల మంది ఒక్కటై పంచరత్న కృతులు పాడతారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ... మొదటిది సంస్కృతం, మిగిలిన నాలుగూ మన తెలుగే! పాడేవాళ్లలో మాత్రం తమిళులే ఎక్కువ. తెలుగు మాట్లాడటం రాని నోట తెలుగు సాహిత్యం వినాలంటే ఇక్కడికే రావాలి.

స్వామి గొంతు ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు. ఎడిసన్ ఫోనోగ్రాఫ్ కనిపెట్టింది 1877లో. అప్పటికి ఆయన వెళ్లిపోయి ముప్ఫై ఏళ్లు. శిష్యులు రాసిపెట్టినవీ, నోటి వెంట నేర్పినవీ మనకు మిగిలాయి. సమాధికి గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ గొంతు గ్రామఫోను ప్లేట్లకెక్కింది. అప్పట్లో ప్లేటుకు ఒకవైపు మూడు, నాలుగు నిమిషాలే పట్టేది. పాటను ఆ కొలతకు కుదించాల్సిందే.

ఇప్పుడో! అరచేతిలో ఇమిడే డిజిటల్ రికార్డర్‌లో 32 గిగాబైట్ల కార్డు వేస్తే, సీడీ నాణ్యతతో సుమారు 50 గంటలు పడుతుంది. మరి అంత చోటులో ఏం నింపుకోవాలి?

వేదిక మీది విద్వాంసుల పాట గురించి బెంగ అక్కర్లేదు. దాన్ని ఆకాశవాణి, దూరదర్శన్ ఏళ్ల తరబడి ప్రసారం చేస్తూ వచ్చాయి. ఆ మైకులకు అందనిది పందిట్లో మీ పక్కన ఉంటుంది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని వేలితో అక్షరాలు వెతుక్కునే పిల్ల, చూడకుండా ఐదు కృతులూ పాడేసే బామ్మ... వీళ్ల పాట ఏ క్యాసెట్‌లోనూ దొరకదు. ఒకప్పుడు ఆరాధనలో ఆడవాళ్లను పాడనిచ్చేవారు కాదు. ఆ హక్కు కోసం నాగరత్నమ్మ పోరాడారు. ఇక్కడ ఎవరి గొంతు వినబడాలన్నది పాత తగువే!

అందుకే రికార్డర్‌ను లౌడ్‌స్పీకర్‌కు దూరంగా, పాడేవాళ్ల మధ్య చిన్న స్టాండు మీద పెట్టండి. ముందుగా పక్కవాళ్లను అడగండి. వాళ్లు వచ్చింది స్వామికి పాట సమర్పించుకోవడానికి. వద్దంటే ఆపేయాలి. ఇష్టపడితే చిరునామా తీసుకుని ఒక కాపీ పంపండి.

నదివైపు నుంచి గాలి వీస్తే మైకులో బుసబుసమంటుంది. స్పాంజి తొడుగు తప్పనిసరి. సెల్‌ఫోన్ దూరంగా ఉంచండి. లేదంటే గరగరమనే చప్పుడు పాటలో కలవచ్చు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవాల్సింది లెవెల్. పంచరత్నాలకు ముందు వేణువు మీద భైరవి రాగంలో 'చేతులార' కృతి వాయించడం ఆనవాయితీ. ఆ మెత్తటి నాదానికి సరిపడా లెవెల్ పెంచారో... నాట రాగం ఎత్తుకోగానే వందల గొంతులు, మృదంగాలు కలిసి సూచీ పైఅంచు దాటిపోతుంది. అలా పగిలిన శబ్దాన్ని బాగుచేయడం చాలా కష్టం. ఆటోమేటిక్ మీద వదిలేస్తే యంత్రం దానంతటదే తగ్గించి పెంచి, పాటలోని ఎత్తుపల్లాల్ని చదును చేస్తుంది. అందుకే వేణువు సన్నగా వినిపించినా సరే, లెవెల్ తక్కువలోనే ఉంచండి. సన్నని శబ్దాన్ని ఇంటికెళ్లాక పెంచుకోవచ్చు. కొత్తగా వచ్చిన 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లలో ఈ బాధ చాలావరకు తప్పింది.

బటన్ నొక్కగానే తేదీ, ఊరు, అనుమతిస్తే పక్కవాళ్ల పేర్లు మీ నోటితో చెప్పండి. పదేళ్ల తర్వాత ఫైలు పేరు చూసి పోల్చుకోలేకపోయినా, ఆ మాటలే చెబుతాయి. ఇంటికి రాగానే రెండు చోట్ల కాపీ చేయండి. కార్డు పాడైతే పాటా పోతుంది.

ఇక పందిట్లో యంత్రం కేసి చూస్తూ కూర్చోకండి. రికార్డర్ పని రికార్డర్‌ది. మీకొచ్చిన నాలుగు చరణాలైనా గొంతు కలపండి. బామ్మ ఇంటికి వెళ్లే కాపీలో మీ గొంతూ ఉంటుంది.