న్యూ సెటిల్‌మెంట్: ఒక భాషోద్యమానికి ప్రచార రూపకల్పన

సామాజిక ఉద్యమానికి ప్రచారం రూపొందించేవారు మొదట తేల్చుకోవలసినవి రెండు: ఎవరిని అడుగుతున్నాం, ఏం చేయమని అడుగుతున్నాం. పోస్టరు, పత్రిక, ఫోను ఆ తర్వాతి సంగతులు. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో, న్యూ సెటిల్‌మెంట్ వీధుల్లో నడిస్తే ఈ వరుస ఎందుకు తప్పకూడదో తెలుస్తుంది.

బెంగాల్ నాగపూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) వర్క్‌షాపులో పనికోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వలసవచ్చిన కుటుంబాలు ఈ పట్టణంలో తరతరాలుగా స్థిరపడ్డాయి. రైల్వే క్వార్టర్ల మధ్య ఉత్తరాంధ్ర యాసతో పాటు బెంగాలీ, హిందీ, ఒడియా కూడా వినిపిస్తాయి. ఖరగ్‌పూర్ తెలుగువారు తమ భాషకు గుర్తింపు కోసం చాలాకాలం అడిగారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఇంతవరకు ఉద్యమం గెలిచింది. అసలు కష్టం ఇక్కడి నుంచే మొదలవుతుంది: హోదా కాగితం మీద ఉంటే చాలదు, వాడుకలోకి రావాలి.

ఆ పనికి ప్రచారం ఎలా ఉండాలి? ముందుగా చిరునామా సరిగా ఉండాలి. రైల్వే కేంద్ర ప్రభుత్వ సంస్థ. రాష్ట్రం ఇచ్చిన భాషా హోదా దాని కార్యాలయాలకు వర్తించదు. కాబట్టి క్వార్టరు మరమ్మతు అర్జీ తెలుగులో రాయమని ప్రచారం చేస్తే అది తప్పుదారి పట్టినట్టే. పురపాలక సంఘం, సబ్‌డివిజన్ కార్యాలయం, బడి అసలు లక్ష్యాలు. రెండో చిక్కు ఇంకా లోతైనది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, చదువు మాత్రం బెంగాలీలోనో హిందీలోనో ఇంగ్లీషులోనో సాగించిన పిల్లలకు తెలుగు పోస్టరు ఒక బొమ్మతో సమానం. వాళ్లను చేరేది అక్షరం కాదు, గొంతు. అమ్మమ్మ యాసలోనే ఫోనుకు వచ్చే చిన్న వాయిస్ సందేశం, పండగ పందిట్లో మైకు, వాడలో అందరూ నమ్మే పెద్దమనిషి మాట ముందు పనిచేస్తాయి. అచ్చయిన తెలుగు పెద్దల కోసం. పొరుగున ఉన్న బెంగాలీలకు విషయం బెంగాలీలోనే చెప్పాలి. ఈ కోరిక తమ భాషకు పోటీ కాదని వాళ్లకు తెలియకపోతే ఉద్యమానికి ఇరుగుపొరుగు అండ ఉండదు.

సంఘటిత పోరాటం ఈ పట్టణానికి కొత్త కాదు. రేడియో ఇళ్లలోకి రాకముందే, 1927లో, ఇక్కడి వర్క్‌షాపు కార్మికులు సమ్మెకు దిగారు. బి.ఎన్.ఆర్. కార్మికులను నడిపిన నాయకుల్లో వి.వి. గిరి ఒకరు, ఆయనే తర్వాత రాష్ట్రపతి అయ్యారు. ఆ సమ్మెలో ఉద్యోగాల కోత అన్న ఒక్క అంశం అన్ని భాషల కార్మికులకూ ఒకేలా తగిలింది. కోరిక అంత సూటిగా ఉన్నప్పుడు దాన్ని ఏ భాషలోకైనా ఇట్టే మార్చి చెప్పవచ్చు.

మాధ్యమం ఉద్యమాన్ని ఎంత దూరం తీసుకెళ్లగలదో చూపే తెలుగు ఉదాహరణ నెల్లూరు జిల్లా దూబగుంటది. అక్షరాస్యత తరగతుల వాచకంలో, తాగుడు తెచ్చే బాధను చెప్పే సీతమ్మ కథ చదివిన మహిళలు 1990ల తొలినాళ్లలో సారా దుకాణం మూయించారు. ఆ విజయం మళ్లీ వాచకంలో పాఠంగా ఎక్కి, ఊరూరికీ పాకింది. ఆ తర్వాత ఈనాడు పత్రిక వరసగా వార్తలు రాసింది. 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. ఇక్కడ క్రమం గమనించదగ్గది. ఆడవాళ్లు ముందు కదిలారు, పత్రిక ఆ కదలికకు బలమిచ్చింది. పత్రికను ముందు పెట్టి జనాన్ని వెతుక్కునే ప్రచారాలు ఎక్కువగా చప్పబడిపోతాయి.

న్యూ సెటిల్‌మెంట్‌కు దీన్ని అన్వయిస్తే తొలి వార్త కావలసింది ఒక కుటుంబం చేసిన పని: పురపాలక సంఘానికి తెలుగులో ఇచ్చిన దరఖాస్తు, దానికి వచ్చిన జవాబు. ఆ రెండు కాగితాల ఫొటో, ఇచ్చినవారి అనుమతితో, వాడంతా తిరగాలి. జవాబు రాకపోతే ఆ సంగతీ తిరగాలి. ప్రచారం ఫలితాన్ని సభకు వచ్చిన జనంతో కొలవకూడదు. కార్యాలయాలు తీసుకున్న తెలుగు అర్జీలనూ, తెలుగు తరగతుల్లో కొత్తగా చేరిన పిల్లలనూ ఏటా లెక్కపెట్టాలి. అంకె పెరగకపోతే సందేశాన్నో, చెప్పే మనిషినో మార్చి మళ్లీ మొదలుపెట్టాలి.