చెవులు వినగలిగినప్పుడే

ఐర్లండు దేశపు యూ2 బృందం 1987లో వెలువరించిన 'ద జాషువా ట్రీ' క్యాసెట్టును మా అన్నదమ్ములమిద్దరమూ అరిగిపోయేదాకా విన్నాము. 2019 డిసెంబరు 15న వారు మొట్టమొదటిసారిగా మన దేశంలో, నవీ ముంబయిలోని డి.వై. పాటిల్ స్టేడియంలో పాడారు. అప్పటికే అన్నయ్యకు వినికిడి బాగా తగ్గిపోయింది. "ఇప్పుడు వినకపోతే ఇక వినలేనురా" అన్నారు. రైలెక్కి వెళ్లాము.

ఆ రాత్రి క్యాసెట్టులోని పాటలన్నీ అదే వరుసలో వచ్చాయి. మాటలు అందకపోయినా, డ్రమ్ము దెబ్బ గుండెకు తగులుతుంటే అన్నయ్య ఒక్కొక్క పాటనూ గుర్తుపట్టి పెదవులు కదిపారు. మన ఎ.ఆర్. రెహమాన్ వేదికెక్కినప్పుడు చిన్నపిల్లవాడిలా చప్పట్లు కొట్టారు.

మీ ఇంటి పెద్దలకు కూడా ఇటువంటి చిన్న కోరిక ఉన్నదేమో అడగండి. చెవులు వినగలిగినప్పుడే, కాళ్లు నడవగలిగినప్పుడే దానిని తీర్చండి.